జ్ఞానమణమ్మ పగుళ్ళ మందు

చలికాలంలో జ్ఞానమణమ్మ ఎదురుపడితే కాళ్ళు దాచుకోవాలనిపించేది. మొహం చూసి పలకరించే మనిషి కాదు. ముందు చూపు పాదాల మీదికి పోయేది, అక్కణ్ణుంచి చేతుల మీదికి, ఆఖరికెప్పుడో మొహం మీదికి వచ్చేది. నేను పెళ్ళయి చిలకలగూడకి కాపురానికి వచ్చిన కొత్తలో, వాకిట్లో నీళ్ళు పట్టుకుంటుంటే నా చెయ్యి లాక్కుని వెలుగులోకి తిప్పి చూసింది.

"నీ పేరేంటమ్మాయ్? డోరానా? పేరు చూస్తే దొరసానిది, చేతులు చూస్తే పేడ పిసికేదానివి. ఆ గీతలేంటి, ఆ తెల్లపొరలేంటి? నీకు చెప్పేవాళ్ళు లేరా?" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. సాయంత్రానికి తనే మందు పట్టుకొచ్చి, నా అనుమతితో పనిలేకుండా నా రెండు చేతులకీ రాసి వెళ్ళింది. ఆమె మంచితనం ఎప్పుడూ అంతే, మన మీద విరుచుకుపడేది. వద్దనడానికి సందివ్వదు. ఆ గుణమే ఆమెని ముంచిందని నేను ఇప్పటికీ అంటాను. ఆమె మీద నాకు కోపం ఉంది. కోపం కన్నా జాలి ఎక్కువ ఉంది, కానీ కోపం లేదని అబద్ధమాడలేను.

మా రెండు వాటాలకీ వాకిలి ఒకటే, మధ్యగోడ ఒకటే. ఆమెది బాపట్ల వైపు. భర్త జకర్యాగారు స్టేషన్ పక్కన గూడ్స్ షెడ్డులో వాచ్‌మన్‌గా చేసేవాడట. నేను వచ్చేటప్పటికే ఆయన పోయి చాలాకాలమైంది. మిగిలింది ఒక్క కొడుకు, సామ్యూల్. వాణ్ణి ఆమె బాలింతలకీ పసిపిల్లలకీ ఒళ్ళు రుద్ది, నలుగు పెట్టి, నీళ్ళు పోసి పెంచింది. రైల్వే వాళ్ళ ఇళ్ళల్లో ఆమె చెయ్యి పడని పసిబిడ్డ ఉండేది కాదు.

చలికాలం వస్తే మాత్రం ఆమె రాణి. తేనెమైనం, నువ్వులనూనె, గుగ్గిలం రెజిమెంటల్ బజార్ నుంచి తెచ్చుకునేది. గుగ్గిలం మెత్తగా నూరి, నూనెలో కాచి, పలచటి గుడ్డలో వడగట్టి, అందులో మైనం కరిగించి, చల్లటి నీళ్ళు పోస్తూ చేత్తో మెదుపుతూ కూర్చునేది. మెదపగా మెదపగా అది తెల్లగా వెన్నలా తేలేది. ఆ వాసన మా ఇంట్లో దుప్పట్లక్కూడా పట్టేది. కాళ్ళు పగిలినవాళ్ళు వస్తే గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో పాదాలు నాననిచ్చి, కరకురాయితో చచ్చిన తోలు గీకి, తడి పూర్తిగా ఆరకముందే మందు పట్టించి పాతగుడ్డ చుట్టేది. చేస్తున్నంతసేపూ తిట్టేది. "సలసల కాగే నీళ్ళు పోసుకుంటారు, ఒంట్లో ఉన్న జిడ్డంతా పోగొట్టుకుంటారు, తర్వాత చలి మీద పడి ఏడుస్తారు. పెదాలు ఆరాయని నాలికతో తడుపుకుంటారు, ఇంకా పగలవూ మరి?" అనేది. పెదాలకి వెన్న, పసిపిల్లల బుగ్గలకి పాలమీగడ, పెద్దవాళ్ళ మోచేతులకి ఆముదం. ఎవరికేం కావాలో అడగకుండానే చెప్పేది.

ఒక మాట ఆమె అందరితోనూ గొప్పగా అనేది. "నా మందు పడ్డ మడమ ఆ చలికాలానికి మళ్ళీ పగలదు. పగిలితే నా దగ్గరికి రాకండి." నిజం, పగిలేది కాదు.

సామ్యూల్ నెమ్మదస్తుడు. చదువుకుని భువనగిరి అవతల ఒక పల్లెలో మిషన్ బడికి పంతులుగా వెళ్ళాడు. అక్కడ దొర గడీలో వెట్టి చేసేవాళ్ళకి అర్జీలు రాసిపెట్టడం మొదలుపెట్టాడు. అర్జీలతో పని జరక్కపోతే దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ళతో తిరిగాడు. రజాకార్లు ఆ బడి తగలబెట్టాక ఇక ఊళ్ళో ఉండే వీల్లేక దళంతో అడవిలోకి పోయాడు. సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చి నిజాం లొంగిపోయినప్పుడు మా వీధివీధంతా బయటికొచ్చి నిలబడింది. జ్ఞానమణమ్మ మోకాళ్ళూని స్తోత్రం చెప్పుకుంది, కొడుకు ఇంటికొస్తాడని. అందరం అట్లాగే అనుకున్నాం. కానీ రజాకార్ల పని అయిపోయాక సైన్యం, పోలీసులూ సంఘం వాళ్ళ వెంట పడ్డారు. తుపాకులు కిందపెట్టమన్నారు, వీళ్ళు పెట్టలేదు. ఊళ్ళకి ఊళ్ళు చుట్టుముట్టి మగవాళ్ళని లారీల్లో ఎక్కించుకుపోతున్నారని స్టేషన్‌లో దిగినవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. పోయినవాళ్ళలో కొందరు మళ్ళీ కనపడలేదు.

క్రిస్మస్ దగ్గర పడుతుండగా ఒక ఆదివారం, వాకిలిలో వాళ్ళంతా గుడికి వెళ్ళిన సమయం చూసుకుని సామ్యూల్ వచ్చాడు. మేం గుడి నుంచి తిరిగొచ్చేసరికి వాళ్ళ వెనకగదిలో కట్టెల చాటున కూర్చుని ఉన్నాడు. జ్ఞానమణమ్మ కేక వెయ్యలేదు. గోడ మీద రెండుసార్లు కొట్టి నన్ను పిలిచింది, వేణ్ణీళ్ళు కావాలని. వెళ్ళి చూశాను. గడ్డం, చిక్కిన మొహం, చిరిగిన కంబళి. ఆమె ఆ మొహం ఎంతసేపు చూసిందో నాకు తెలియదు కానీ, నేను వెళ్ళేటప్పటికి నేలమీద కూర్చుని వాడి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఉంది.

అట్లాంటి కాళ్ళు నేను చూడలేదు. మడమలు నాలుగు వైపులా చీలి, ఆ చీలికల్లో నల్లమట్టి గట్టిపడి ఉంది. ముళ్ళు దిగి విరిగినచోట్ల కాయలు. కుడి మడమలో ఒక పగులు లోపలిదాకా దిగి చీము పట్టి, పాదమంతా వాచింది. ఆమె పెదవి కొరుక్కుంటూ అన్నీ తడిమి చూస్తోంది. "నా కొడుకు కాళ్ళేనా ఇవి," అంది. తిట్టడం కూడా మర్చిపోయింది.

వాడు ఇంట్లో ఎంతకాలమని ఉంటాడు? పోలీసులు అప్పటికే ఒకసారి వచ్చి పంతులు సామ్యూల్ ఎక్కడని అడిగి పోయారు. దొరికితే వాడి గతి ఏమిటో ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. మా ఆయనకి చెబితే ఆయన భయపడ్డాడు, కానీ నోరు మెదపలేదు. మర్నాడు పొద్దున్నే ఆమె తుకారాంని పిలిపించింది. తుకారాం గూడ్స్ షెడ్డులో హమాలీల మేస్త్రి. జకర్యాగారికి ప్రాణస్నేహితుడు, ఆయన పోయాక ఈమెని చెల్లెలిగా చూసుకునేవాడు. వచ్చి, సామ్యూల్‌ని కిందికీ పైకీ చూసి, తలుపు మూసి కూర్చున్నాడు.

"చెల్లె, జెర నా మాట ఇను. పోరన్ని గిట్ల ఇంట్ల దాస్తే ఎన్ని దినాలు దాగుతది? నా తాన హమాలీలల్ల కలిపేస్త. బోయిగూడల మా గుడిసెలల్ల ఉంటడు. నా అక్క కొడుకు, జహీరాబాద్ దిక్కుకెల్లి వచ్చిండు, పేరు భద్రయ్య అని చెప్త."

"బస్తాలు మొయ్యగలడా అన్నా?" అంది జ్ఞానమణమ్మ.

"మోస్తే మోస్తడు, లేకుంటే నేర్చుకుంటడు. ఇగ చూడు, నోరు తెరిస్తే పంతులని తెలుస్తది. నోరు మూసుకోవాలె. చేతులు మెత్తగున్నయ్, పని షురూ చేస్తే కాయలు కాస్తయ్. కాళ్ళొక్కటే మా హమాలీ కాళ్ళ లెక్క ఉన్నయ్. వాటిని గట్లనే ఉండనియ్యి. గా చీము పట్టింది ఒక్కటి మాన్పు. మిగతాది ముట్టుకోకు. అర్థమైందా చెల్లె?"

ఆమె తల ఊపింది. నేను అక్కడే ఉన్నాను, చూశాను, తల ఊపింది.

పుండు మానేదాకా వాణ్ణి వెనకగదిలోనే ఉంచింది. పొద్దున్నా మధ్యాహ్నమూ గుగ్గిలం వాసన వస్తూనే ఉండేది. చలికాలం కదా, ఆ ఇంట్లో ఆ వాసన వస్తే ఎవరికీ అనుమానం రాదు. ఒకరోజు పెసరపప్పు ఇవ్వడానికి వెళ్ళాను. ఆమె సామ్యూల్ రెండో కాలు ఒళ్ళో పెట్టుకుని రాయితో గీకుతోంది. పుండు లేని కాలు.

"అమ్మా, మామ వద్దన్నాడు కదా," అంటున్నాడు వాడు.

"మీ మామకి బస్తాలు తెలుసు, కాళ్ళు తెలియవు. ఒకటి మానిపి ఒకటి వదిలేస్తే ఆ పగుల్లో మళ్ళీ మట్టి దిగి అదీ కుళ్ళుతుంది. కుళ్ళిన కాలితో నువ్వేం మోస్తావు? అయినా మట్టిలో నాలుగు రోజులు నడిస్తే అవే గట్టిపడతాయి."

"నువ్వే అంటావుగా, నీ మందు పడితే ఆ చలికాలం ఇక పగలవని."

"నోర్ముయ్," అంది. అని నవ్వింది. కొడుకు వచ్చాక ఆమె నవ్వడం అదొక్కసారే చూశాను.

ఆమెకి బుద్ధి లేక కాదు. పగిలిన కాలు కళ్ళముందు ఉంటే ఆ చేతులు ఊరుకోలేవు. ఊళ్ళో వాళ్ళ పిల్లలందరికీ ఒళ్ళు రుద్దిన మనిషి, తన కన్నకొడుకు మడమలు చీలి నెత్తురు కారుతుంటే చీము పట్టినంతమేర మటుకే రాసి చేతులు కడుక్కుంటుందా? తుకారాం అడిగింది ఆమె వల్ల అయ్యే పని కాదు. అది ఆయనకి తెలియలేదు. ఆమెకీ తెలియలేదు.

సామ్యూల్ బోయిగూడ వెళ్ళేటప్పటికి వాడి పాదాలు పెళ్ళికొడుకు పాదాల్లా ఉన్నాయి. తుకారాం ఆ వేళ చీకట్లోనే వచ్చి, కంబళి కప్పి తొందర తొందరగా తీసుకుపోయాడు. కాళ్ళు చూడలేదు.

పండగ గడిచింది, కొత్త సంవత్సరం వచ్చింది. ఆ జనవరిలో గాలి మరీ పొడిగా, కోసేస్తున్నట్టు వీచింది. జ్ఞానమణమ్మకి కొడుకు సంగతి తుకారాం అప్పుడప్పుడూ చెప్పిపోయేవాడు, మోస్తున్నాడని, తింటున్నాడని. ఆమె బోయిగూడ వైపు వెళ్ళకూడదని ఆయన గట్టిగా చెప్పాడు. ఆ మాటొక్కటీ విన్నది. ఒకరోజు మధ్యాహ్నం తుకారాం పనిమధ్యలో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. తలపాగా చేతిలో ఉంది.

"పట్కపోయిన్రు చెల్లె," అన్నాడు.

"ఎట్లా తెలిసింది వాళ్ళకి?"

"ఎవడో చెప్పిండు. ఎవడో ఏందో తెల్వది." అంతకంటే ఒక్క మాట చెప్పలేదు. ఆమె పడిపోతే నేనూ ఆయనా కలిసి లోపలికి తెచ్చాం.

ఎవడో చెప్పాడు. ఆ మాట ఆమె లోపల పురుగులా తొలచడం మొదలుపెట్టింది. తిండి మానేసింది కానీ అడగడం మానలేదు. షెడ్డుకి పోయి, స్టేషన్‌కి పోయి, కనపడ్డ హమాలీనల్లా అడిగింది. అందరూ తల తిప్పుకుపోయారు. ఆఖరికి ఒక సంగతి బయటపడింది. ఆ రోజు సామ్యూల్ పక్కన కూర్చున్నవాడు బిక్షం అనే హమాలీ. వాణ్ణి కూడా పట్టుకుపోయారు, సాయంత్రానికి వదిలేశారు. ఇక ఆమెకి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

నన్ను తోడు తీసుకుని బోయిగూడ వెళ్ళింది. బిక్షం గుడిసె ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టింది. "నా కొడుకుని అమ్ముకున్నావురా. నీ పక్కన కూర్చుని నీ కూడు తిన్నందుకు వాణ్ణి పట్టిచ్చావు. ఏసుని పట్టిచ్చిన యూదావురా నువ్వు, నీ ఇంట్లో దీపం పెట్టేవాళ్ళు ఉండరు." చుట్టూ జనం మూగారు. బిక్షం గడపలో కూర్చున్నాడు. వాడి మొహం మీద దెబ్బలింకా మానలేదు. ఒక్క మాట కూడా తిరిగి అనలేదు, నేల చూస్తూ కూర్చున్నాడు. నాకు అది చూసి వాడే చేశాడనిపించింది. మాట్లాడకపోతే మనం అట్లాగే అనుకుంటాం.

అప్పుడు వాడి పెళ్ళాం కమలాబాయి లోపల్నుంచి విసురుగా వచ్చింది.

"నా మొగన్ని ఏందమ్మా గట్ల తిడ్తున్నవ్? ఆయన నోరు మూసుకుంటే నువ్వు ఇంక ఇంక అంటనే ఉన్నవ్!"

"కమలా, చుప్," అన్నాడు బిక్షం.

"నేనెందుకు చుప్ ఉండాలె? బస్తీ అంతా మనల్ని ద్రోహులంటరు రేపు. ఇను అమ్మా. షెడ్డుల బయటోళ్ళు దాగున్నరని గా పోలీసు జమాదారుకి కబురుంది. గంతే ఉంది, పేర్లు లేవు. అందర్ని లైన్‌ల కూసోబెట్టి కాళ్ళు ముంగటికి చాపమన్నడు. సలికి మావోళ్ళ అరికాళ్ళు ఎట్లున్నయో చూసినవా? గిట్ల పగిలి నెత్తుర్లు కారుతున్నయ్. నీ కొడుకు కాళ్ళు నున్నగ మెరుస్తున్నయట. 'ఏ ఇంటి అల్లునివిరా నువ్వు, ఇంత సేవ ఎవరు చేసిన్రు' అని నవ్విండట జమాదారు. నవ్వి లేపిండు. అడ్డం పోయిన పాపానికి నా మొగన్ని గిట్ల కొట్టిన్రు. ఎవరు పట్టిచ్చిన్రో ఇంకా చెప్పాల్నా నీకు?"

కమలాబాయికి అప్పుడు భయమేసినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తుకారాం మేస్త్రి ఒట్టేయించుకున్నడు అందరితోని, గీ సంగతి నీకు తెల్వనియ్యొద్దని," అంది మెల్లగా.

జ్ఞానమణమ్మ ఏడవలేదు. తన రెండు చేతులూ చీర కొంగులో చుట్టుకుంది, చలేసిన మనిషిలా. తర్వాత వంగి బిక్షం పాదాలు ముట్టుకోబోతే వాడు కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "మా కాళ్ళు గిట్లనే ఉండనియ్యమ్మా," అన్నాడు. వాడు కోపంతో అన్నాడో, ఆమె క్షమాపణకి అడ్డుపడాలని అన్నాడో నాకు తెలియదు.

ఆమె ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా బతికింది. పని మానలేదు, మానితే గడవదు. అవే ఇళ్ళు, అవే బాలింతలు, చలికాలం వస్తే అదే గుగ్గిలం. తిట్టడం మాత్రం పోయింది. ఎవరి కాళ్ళు వాళ్ళు చూపించి మందు పెట్టమ్మా అంటే పెట్టేది, అడగనివాళ్ళ వంక చూసేది కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆమెని మెత్తటి మనిషి అనేవాళ్ళు. ఆ మాట వింటే నేను అక్కణ్ణుంచి లేచిపోయేదాన్ని.

ఇక జైల్లో వాణ్ణి చూసిన సంగతి. మా గుడి పాదిరిగారు ఎవరెవరినో బతిమాలితే, ఆ ఏడే ఎండలు ముదరకముందు ఒక్కసారి చూడటానికి ఒప్పుకున్నారు. అదే ఆఖరుసారి. ఆ వానాకాలం వాణ్ణి వేరే ఊరి జైలుకి మార్చారు, అక్కడ నెత్తురు విరేచనాలు పట్టుకుని పోయాడు. శవాన్ని కూడా ఇవ్వలేదు. కానీ ఆ రోజు మాకవేవీ తెలియవు. మా ఆయన సెలవు దొరక్క నన్నే తోడు పంపాడు.

ఇనప ఊచలకి అటు వాడు, ఇటు మేము, నేలమీదే కూర్చున్నాం. బాగా సన్నబడ్డాడు, ఎడమ చెయ్యి సరిగ్గా లేవడం లేదు. తల్లిని చూసి నవ్వాడు.

"తింటున్నావా?" అంది.

"తింటున్నానమ్మా. నువ్వు?"

"నేనూ." ఊచ పట్టుకుని, "ఎట్లా పట్టుకున్నారురా?" అని అడిగింది. తెలిసి అడిగింది. నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను, వదిలించుకుంది.

వాడు ఎప్పుడో సిద్ధం చేసుకున్నట్టే చెప్పాడు. "ఎవడో పట్టిచ్చాడమ్మా. ఎవడో నాకూ తెలియదు. షెడ్డులో అంతమంది ఉంటాం, ఎవర్నని అంటాం? నువ్వు ఎవరి మీదా అనుమానం పెట్టుకోకు."

"పెట్టుకోను," అంది. ఊచ పట్టుకున్న ఆమె వేళ్ళు తెల్లబడ్డాయి. "నువ్వు ప్రార్థన మానేశావని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. ఆ పట్టిచ్చినవాళ్ళని నువ్వు క్షమించావా?"

సామ్యూల్ మొహంలో నవ్వు పోయింది. తల్లిని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ తల్లిని చూశాడు. అప్పుడు వాడికి అర్థమైంది, ఆమెకి తెలిసిపోయిందని. పంచె అంచు కిందికి లాగి పాదాల మీద కప్పుకున్నాడు.

"వాళ్ళు ప్రేమతోనే చేశారమ్మా," అన్నాడు. "క్షమించడానికేం లేదు."

"నేనడిగింది అది కాదు," అంది జ్ఞానమణమ్మ.

జవాను టైమైందని కేకేశాడు. సామ్యూల్ లేచి, వెనక్కి తిరగబోతూ ఆగి, "క్షమించాను," అన్నాడు. అప్పుడు ఆమె ఊచలు వదిలింది.